కొడి కత్తెర

మా ఇంట్లో నిప్పంటుకున్న సంగతి వీధిలో ఎవరికీ తెలియదు. తెలిసి ఉంటే మా ఆయన తొకుజి ఊరొదిలి పారిపోయేవాడు. ఆ చలికాలం మా పేట అగ్నిమాపక దళానికి నాయకుడు ఆయనే మరి. జీతంలేని పదవే అనుకోండి, కానీ ఆ నీలం కోటు తొడుక్కోగానే మనిషి రెండంగుళాలు పొడుగయ్యేవాడు. రోజూ సాయంత్రం మరో నలుగురిని వెంటేసుకుని, చెక్కలు టకటకా కొట్టుకుంటూ, "నిప్పు జాగ్రత్త!" అని అరుచుకుంటూ వీధులన్నీ తిరిగొచ్చేవాడు. అలాంటివాడి ఇంట్లో, పోయిన పెద్దలకి దణ్ణం పెట్టుకునే మందిరం ముందు, పట్టపగలు, నేలంతా పరిచి ఉండే చాప కాలింది. కాల్చింది నేను. ఆ ఒక్క ముక్క నోటితో చెప్పడానికి నాకు రెండు నెలలు పట్టింది.

మా మామగారు గెంజిరో ఆ అక్టోబరులో పోయారు. నలభై తొమ్మిదో రోజు కర్మ గడిచేసరికి మంచు మొదలైంది. మా ఐజు కొండ ప్రాంతంలో మంచు మొదలైతే మార్చి దాకా నేల కనపడదు, నేల మీద పూసే పువ్వూ కనపడదు. కొట్లో పూలు దొరుకుతాయి గానీ, మా అత్తగారు యోనె వాటిని పూలుగా ఒప్పుకోరు. "రెండ్రోజులకే తల వేలాడేసుకుంటాయి, వాటి మొహం" అని తీసిపారేస్తారు. చలికాలమంతా ఆవిడ మందిరంలో పువ్వుల బదులు పువ్వులు గీసిన కొవ్వొత్తులు పెట్టేవారు. ఒకదాని మీద చామంతులు, ఒకదాని మీద ఎర్రటి పెద్ద పియనీ పువ్వు. వాటిని వెలిగించరు, అలంకారానికి అటొకటి ఇటొకటి ఉంటాయి. వెలిగించేది మధ్యలో ఉండే చిన్న తెల్లది.

కొవ్వొత్తుల దగ్గర మా అత్తగారితో వాదించగల మొనగాడు ఊళ్ళో లేడు. పెళ్ళికి ముందు ఎనిమిదేళ్ళు హోషి వాళ్ళ కొవ్వొత్తుల కొట్లో పనిచేశారు. మొదట వత్తులు చుట్టారు: సన్నటి పుల్లకి కాగితం, ఆ కాగితం మీద తుంగ బెండు, పోగు మీద పోగు. తరవాత కుంచె పట్టుకున్నారు. పెళ్ళినాడు కొట్టు పెద్దాయన ఆవిడకి ఇచ్చిన బహుమానం ఒక చిన్న ఇత్తడి కత్తెర, మూత ఉన్న ఇత్తడి కుండీ.

కత్తెర ఎందుకంటే, మా కొవ్వొత్తుల వత్తి లావుగా, లోపల బోలుగా ఉంటుంది. మంట నిటారుగా లేస్తుంది. కాలిన వత్తి దానంతటది రాలిపోదు, నల్లగా కొడి కట్టి అలాగే నిలబడుతుంది. ఆ కొడిని మధ్యమధ్యలో కోసెయ్యకపోతే మంట జానెడు లేచి, మైనం ఓ పక్కనించి బొటబొటా కారిపోయి, గంట వెలగాల్సిన కొవ్వొత్తి అరగంటకే తగలడిపోతుంది. కోసిన ముక్క చివర ఇంకా ఎర్రగానే ఉంటుంది కాబట్టి దాన్ని కుండీలో బూడిద మీద వేసి మూత పెట్టాలి.

నేను ఒనహామా సముద్రపొడ్డు పిల్లని. మా పుట్టింట్లో మామూలు తెల్ల కొవ్వొత్తి వెలిగించడం, దణ్ణం పెట్టడం, చేత్తో విసిరి మంట ఆర్పడం, బడికి పరిగెత్తడం, అంతే. పదిహేడేళ్ళ కింద కోడలిగా వచ్చిన మొదటి వారం ఇక్కడా అలాగే విసిరాను. అత్తగారు నా మణికట్టు పట్టుకున్నారు.

"ఏంటది?"

"నోటితో ఊదలేదు కదా అత్తయ్యా."

"నోటితో ఊదితే పెద్దలకి ఎంగిలి. చేత్తో విసిరితే నీ చొక్కా చేతికి నిప్పు. ఇదిగో, మంట ఆర్పే మూతుంది చూశావా? బోర్లించు. అదే కొండెక్కుతుంది."

"ఒక్క కొవ్వొత్తికి ఇంత తతంగమా?"

"కూర్చునే తీరిక లేనిదానివి వెలిగించడం దేనికి? మీ సముద్రం వాళ్ళకి అన్నీ పడవెక్కే తొందరే."

ఆవిడ వెలిగించే పద్ధతి నాకు కళ్ళకి కట్టినట్టుంది. ముందు కాగితపు తలుపు వేసేవారు, గాలి తగలకుండా. దూది కోటు చేతులు తాడుతో వెనక్కి కట్టుకునేవారు. కొవ్వొత్తిని దిమ్మె మీది ముల్లుకి గుచ్చి, వేలితో అటూ ఇటూ నొక్కి, కదలదని నమ్మకం కుదిరాకే అగ్గిపుల్ల గీసేవారు. అన్నీ నన్ను చూడమనేవారు. కత్తెర మాత్రం పదిహేడేళ్ళూ నా చేతికివ్వలేదు.

"ఇంకా ఎన్నాళ్ళు చూడాలి అత్తయ్యా?"

"నీ తొందర తగ్గేదాకా."

మామగారు పోయాక ఆ కొవ్వొత్తి ఆవిడకి టెలిఫోను అయింది. పొద్దున్న ఫలహారాలయ్యాక వెలిగించేవారు. అది తరిగేదాకా ఎదురుగా దూది మెత్త మీద కూర్చుని, ముందురోజు సంగతులన్నీ మామగారికి అప్పజెప్పేవారు. నేను పక్క గదిలో చాపలు ఊడుస్తూ వినేదాన్ని.

"ఏవండీ, రాత్రి మోకాలి దాకా పడింది. మీవాడు పార పట్టుకోగానే నడుం పట్టేసిందని ఒకటే మూలుగు. మీ పోలికే. కోడలు ఎండు హెర్రింగు చేప ఊరగాయ పెట్టింది. ఉప్పెక్కువ. మీరైతే ఏమీ అనకుండా తినేసి, సాయంత్రం దాకా మంచినీళ్ళు తాగేవారు."

"నాకు వినపడుతోంది అత్తయ్యా!"

"నీకు కాదు చెప్పింది."

మధ్యలో మాట ఆపి కొడి కోసేవారు. చిన్న టిక్కుమన్న చప్పుడు, తరవాత కుండీ మూత పడ్డ చప్పుడు, మళ్ళీ కబుర్లు. మాకు పిల్లల్లేరు. ఆ చలికాలం ఇంట్లో వినపడ్డ మాటల్లో సగం ఆవిడ చనిపోయిన మనిషితో మాట్లాడినవే. నాకు మాత్రం అవి వింటూ పని చేసుకోవడం బావుండేది.

నూరోరోజుకి రెండ్రోజుల ముందు, జనవరి మధ్యలో, ఆ రోజు వచ్చింది. రాత్రంతా కురిసి కిటికీలు సగం మూసుకుపోయాయి. మా ఆయన నిచ్చెనేసుకుని కప్పు మీద మంచు తోస్తున్నాడు. అత్తగారు కొవ్వొత్తి వెలిగించి, ఒకసారి కొడి కోసి కుండీలో వేశారో లేదో ఫోను మోగింది. గుడి నించి. నూరోరోజు పూజ సంగతి మాట్లాడాలి, ఆవిడే వెళ్ళాలి. ఫోనేమో వంటింటి అవతల గుమ్మం దగ్గర.

"అమ్మాయ్, ఇలా వచ్చి కూర్చో. కళ్ళు దీని మీద పెట్టు. చేతులు ఒళ్ళో పెట్టుకో."

"నేనేం పసిపిల్లనా?"

"పసిపిల్లైతే భయపడి ముట్టుకోదు" అని వెళ్ళిపోయారు.

మా అత్తగారికి చెవుడు. గుడి పెద్దాయనకి అంతకన్నా చెవుడు. "పన్నెండు మందిమి! పన్నెండు!" అని ఆవిడ అరుపులు వినపడుతూనే ఉన్నాయి. ఇక్కడ మంట పెరుగుతోంది. నల్లటి కొడి గోరంత అయింది, ఓ పక్కకి వాలింది. మైనం అంచు కరిగి ఒక చుక్క జారింది. నాకు కంగారు పుట్టింది. కంగారుతో పాటు, నిజం చెప్పాలంటే, ఆశ కూడా పుట్టింది. పదిహేడేళ్ళుగా చూస్తున్నాను, నాకు రాదా ఏం?

కత్తెర తీసి కోశాను. కొడి తెగింది. అప్పుడు గుర్తొచ్చింది, కుండీకి మూతుందని. ఎడమచేత్తో మూత తీస్తున్నాను, బయట నించి మా ఆయన కేక.

"తమయో! పెద్ద పార పట్రా! చూరు మీదిది జారేట్టుంది, తొందరగా!"

కత్తెర కుండీ మీద ఒక్క దులుపు దులిపాను. పడిందనుకున్నాను. మూత పెట్టాను. కత్తెర ఎక్కడిదక్కడ, ఎలా ఉన్నది అలాగే, దొంగలాగా సర్దాను. మంట మీద చెయ్యి విసిరి పరిగెత్తాను. అవును, చెయ్యే విసిరాను. మంట ఆర్పే మూత వెతకడానికి టైము లేదు.

గంటన్నర తరవాత మంచు దులుపుకుంటూ లోపలికొచ్చేసరికి అత్తగారు వంటింట్లో ముల్లంగి తరుగుతున్నారు. "కొండెక్కించావా?" అనడిగారు. "ఆఁ" అన్నాను. ఆవిడ అంతకుముందే గదిలోకి వెళ్ళి, దూది మెత్తని కాగితపు తలుపు వైపు జరిపి వచ్చారట. మధ్యాహ్నం భోజనాలకి కూర్చోబోతుంటే మా ఆయన ముక్కు ఎగబీల్చాడు.

"ఏదో కాలుతోంది."

"నీ నడుముకి పూసిన మందు వాసన" అన్నారు అత్తగారు.

ఆయన వెళ్ళి మందిరం గది తలుపు తీశాడు. గది నిండా పొగ. మంట లేదు. దూది మెత్త లోలోపల కాలుకుంటూ పోయి, మధ్యలో అరచేయంత గుంట పడింది. కింద చాప కాలింది. తలుపు కాగితం అడుగున గోధుమరంగుకి తిరిగింది. ఇంకో పది నిమిషాలైతే ఆ కాగితం అంటుకునేది. ఆ తరవాత చెక్క. ఆ తరవాత మా ఇల్లు, పక్కిల్లు. మా ఆయన మెత్తని రెండు వేళ్ళతో పట్టుకుని పరిగెత్తుకెళ్ళి పెరట్లో పారేశాడు. మంచులో పడ్డా అది పొగ మానలేదు. బూటుకాలితో తొక్కాడు. పక్కింటివాళ్ళు చూస్తారని దాని మీద పారతో మంచు కప్పేశాడు.

లోపలికొచ్చి అరిచాడు.

"అమ్మా! నేను రోజూ ఊరంతా తిరిగి గొంతు చించుకుంటున్నా! నా ఇంట్లోనే! ఇల్లు కాలిపోయేది, తెలుస్తోందా నీకు?"

అత్తగారు గదిలోకి నడిచారు. మందిరం ముందు మోకాళ్ళ మీద కూర్చుని కుండీ మూత తీశారు. రోజూ పొద్దున్నే ఆ కుండీ ఖాళీ చేస్తారు, కాబట్టి అందులో ఉన్నవి ఆ రోజువే. బూడిద మీద ఒక్కటే నల్ల ముక్క, సమంగా కోసింది. నేనూ ఆవిడ భుజం మీంచి చూశాను. ఆ కోత నాది కాదు.

"ఒక్కసారే కోసినట్టు గుర్తు" అన్నారు మెల్లిగా. "ఒకటే ఉంది. మరి మెత్తలో పడ్డది ఏది? రెండోసారి కోసినట్టు గుర్తే లేదు నాకు." నా వైపు తిరిగారు. "అమ్మాయ్, నేను ఫోనుకి వెళ్ళేముందు రెండుసార్లు కోశానా?"

చెప్పాల్సింది అప్పుడే. నోటిదాకా వచ్చింది. మా ఆయన మొహం ఎర్రగా, మెడ నరాలు పొంగి, నా పక్కనే ఉన్నాడు.

"నేను చూళ్ళేదు అత్తయ్యా" అన్నాను.

మర్నాడే మా ఆయన కరెంటు కొవ్వొత్తుల జత తెచ్చాడు. తెల్లటి ప్లాస్టిక్కు గొట్టాలు, చివర నారింజరంగు బల్బు. ప్లగ్గు పెట్టి మీట నొక్కాడు. "చూడు, అసలుదాన్లాగే వణుకుతోంది" అన్నాడు, ఏదో ఘనకార్యం చేసినట్టు. అత్తగారు కొడుకుని తిట్టలేదు. తిడతారనుకున్నాను. తిట్టి ఉంటే నాకు కాస్త ఊపిరాడేది.

ఫలహారాలయ్యాక దాని ముందు కూర్చున్నారు. దణ్ణం పెట్టారు. కాసేపు చూశారు.

"దీనికి కొడి కట్టదు" అన్నారు.

"అందుకే కదమ్మా తెచ్చింది."

"తరగను కూడా తరగదు. ఎప్పుడు లేవాలి నేను?"

ఆయనకి ఆ ప్రశ్న అర్థం కాలేదు. నాకైంది. మరునాటి నించి ఆవిడ దణ్ణం పెట్టి వెంటనే లేచిపోయేవారు. మామగారితో కబుర్లు ఆగిపోయాయి. నేను చాపలు ఊడుస్తుంటే చీపురు చప్పుడు తప్ప ఇంకేం వినపడేది కాదు.

నూరోరోజు పూజ ఆ బల్బుల ముందే జరిగింది. తరవాత ఒక్కొక్కటే మొదలైంది. పొయ్యి కట్టేసి రెండడుగులు వేసి వెనక్కొచ్చి చూసేవారు. మళ్ళీ చూసేవారు. కేలండరు మీద "బియ్యం కడిగాను" అని రాసుకునేవారు. ఒకరోజు ఆవిడ చూపుడువేలికి ఎర్రదారం కట్టుకుని ఉండటం చూశాను.

"ఇదేంటత్తయ్యా?"

"దేనికోసం కట్టుకున్నానో చెప్పుకోగలిగితే బానే ఉన్నట్టు."

"చెప్పండి మరి."

"గుడికి ఎండు పెర్సిమన్ పళ్ళు పంపాలి" అని, నవ్వబోయి ఆపేశారు. "మా అమ్మకీ ఇలాగే మొదలైంది తెలుసా. ముందు పొయ్యి మర్చిపోయింది. తరవాత నా పేరు మర్చిపోయింది. చివరికి నన్ను చూసి, ఎవరమ్మా నువ్వు, అన్నం పెట్టినావా, అనేది. డెబ్బై దాటాక నాకూ వస్తుందేమోనని ఎప్పుడూ లోపల ఉండేది. ఇలా వచ్చింది."

"మీకేం రాలేదు అత్తయ్యా."

"నీకేం తెలుసు?" అన్నారు.

నాకు తెలుసు. ఈ భూమ్మీద నాకొక్కదానికే తెలుసు. ప్రతి రాత్రీ రేపు చెప్పేస్తాననుకునేదాన్ని. తెల్లారేసరికి, ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదంటే ఏం చెప్పాలి, అని కొత్త భయం తయారయ్యేది. మొదటి రోజు చెప్పి ఉంటే నాలుగు తిట్లతో పోయేది. ఇరవయ్యో రోజుకి అది అబద్ధమైంది. నలభయ్యో రోజుకి దానికి ఏం పేరు పెట్టాలో నాకే తెలియలేదు.

ఫిబ్రవరిలో హోషి వాళ్ళు ప్రతి ఏడాదిలాగే ముప్ఫై తెల్ల కొవ్వొత్తులు పంపారు. మార్చిలో, పోయినవాళ్ళని తలుచుకునే పెద్దల వారానికి, వాటి మీద బొమ్మలు వేసివ్వాలి. అత్తగారు పెట్టె తెరిచి, ఒకటి చేతిలోకి తీసుకుని, వేళ్ళతో తిప్పి, మళ్ళీ పెట్టేశారు.

"ఇచ్చేసి రా. చెయ్యి బానే ఉంది. రేకులు ఎన్ని వేశానో గుర్తుంటుందన్న నమ్మకం లేదు."

హోషి వాళ్ళ కోడలు పెట్టె అందుకుని, "ఏం, పెద్దావిడకి కళ్ళు కనపట్టం లేదా?" అనడిగింది. "కళ్ళు కాదు" అన్నాను. తరవాత ఏం అడిగిందో, నేనేం చెప్పానో, అక్కణ్ణించి ఎలా బయటపడ్డానో గుర్తు లేదు. దారంతా నన్ను నేను తిట్టుకుంటూ వచ్చాను.

ఆ వారమే మా ఆయన ఊళ్ళో పెద్దాసుపత్రికి ఫోను చేసి, మతిమరుపు పరీక్షకి రోజు తీసుకున్నాడు. పెద్దల వారం అయిన మర్నాటికి. చెడ్డవాడేం కాదు, భయపడ్డాడు అంతే. "ఊరికే చూపిద్దామమ్మా" అన్నాడు. అత్తగారు "అలాగే నాయనా" అన్నారు. పదిహేడేళ్ళలో ఆవిడ "అలాగే నాయనా" అనడం నేను వినలేదు.

పెద్దల వారంలో నడిమి రోజుకి ముందురోజు, వంటింట్లో ఇద్దరం అన్నం ముద్దలకి పూర్ణం పట్టిస్తున్నాం. చూరు మీంచి కరిగిన మంచు టపటపా కారుతోంది. గోడ పక్కన అరడుగు నేల బయటపడింది. అత్తగారు పూర్ణం గిన్నెలో గరిటె పెట్టి ఆగిపోయారు.

"పంచదార వేశానా?"

"వేశారు."

"ఎన్నిసార్లు?"

"ఒక్కసారే. నేను చూశాను."

నమ్మలేదు. వేలితో తీసి నాకి చూశారు. మళ్ళీ నాకారు. తీపి ఉందో లేదో నాలిక చెప్తున్నా ఆవిడ దాన్నీ నమ్మట్లేదని మొహంలో తెలుస్తోంది. చేతులు తుడుచుకుని, ఏప్రను లోపలినించి చిన్న మూట తీసి నా ముందు పెట్టారు. విప్పక్కర్లేకుండానే తెలిసింది. కత్తెర, కుండీ.

"రేపు హోషి వాళ్ళకిచ్చెయ్. వాళ్ళదే కదా. ఇంట్లో ఉంటే ఏదో ఒకరోజు తీసి వెలిగిస్తానేమోనని భయంగా ఉంది. వెలిగించిన సంగతి మర్చిపోతే?"

నేను ఆ మూట ముట్టుకోలేదు.

"అత్తయ్యా, రెండో కొడి కోసింది నేను."

"ఏ రెండో కొడి?"

"ఆ రోజుది. మీరు ఫోన్లో ఉన్నారు. మంట పెరిగిందని కోశాను. కుండీలో పడిందనుకున్నా, పళ్ళేదు. మీరు కోసింది ఒక్కటే. అది కుండీలోనే ఉంది. మీరే చూశారు."

ఆవిడ ఇంకో ముద్ద తీసుకుని పూర్ణం పట్టించడం మొదలుపెట్టారు. చుట్టూ సమంగా, ఎక్కడా అన్నం కనపడకుండా.

"నల్లటిదాంట్లో కోశావా, ఎర్రటిదాంట్లోనా?"

"ఎర్రటిదాంట్లో అనుకుంటా."

"కిందకి కోశావు. అందుకే నిప్పు ఎక్కువై ముక్క విరిగింది." ముద్ద పళ్ళెంలో పెట్టారు. "చేత్తో విసిరి ఆర్పావా?"

"అవును."

"ఊఁ."

ఇంకో ముద్ద తీసుకోలేదు.

"నిన్ను అడిగాను నేను."

"అడిగారు."

"చూళ్ళేదన్నావు."

"అన్నాను."

"రెండు నెలలు, తమయో." ఆవిడ నన్ను పేరుపెట్టి పిలవడం తక్కువ. "రోజూ పడుకునేముందు మా అన్నదమ్ముల పేర్లు వరసగా చెప్పుకున్నాను. చచ్చిపోయినవాళ్ళవీ. ఒక్కటి తప్పితే లేచి కూర్చునేదాన్ని. రెండు నెలలు!"

ఏప్రను విప్పి బల్ల మీదకి విసిరికొట్టి, గదిలోకి వెళ్ళి తలుపు లాక్కున్నారు. నేను కాళ్ళ మీద పడదామనుకున్నాను గానీ, ఆ తలుపు తీసే ధైర్యం రాలేదు. మిగిలిన ముద్దలన్నీ ఒక్కదాన్నే చేశాను. అన్నీ వంకరగా వచ్చాయి. సిగ్గుతో నా చెవులు కాలిపోతున్నాయి. అయినా ఎన్నాళ్ళకో నిండా ఊపిరి పీల్చుకున్నాను, అదీ నిజమే.

గంటకి తలుపు తెరుచుకుంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. పళ్ళెం వైపు చూసి, "ఇవేనా ముద్దలు" అన్నారు. తరవాత, "వాడికి నువ్వే చెప్పు. నేను చెప్తే ముసల్దానికి మతిపోయి కోడలి మీదకి తోస్తోందంటాడు."

సాయంత్రం మా ఆయన పూర్ణం ముద్ద నోట్లో పెట్టుకున్నాక చెప్పాను. ముందు చెప్తే తినడని. నమలడం ఆపేశాడు.

"నువ్వా?"

"నేనే. చాపా, మెత్తా, అన్నీ. అత్తయ్యకేం సంబంధం లేదు."

"మరి ఇన్నాళ్ళూ..." అని నా వైపు చూశాడు. తరవాత వాళ్ళమ్మ వైపు చూశాడు. కోపం సగంలోనే ఎటో పోయింది. "అమ్మా" అన్నాడు.

"ముందు మింగు. గొంతులో అడ్డం పడితే దానికీ నన్నే అంటావు."

మింగాడు. మంచినీళ్ళు తాగాడు. తల వంచుకుని చాప మీద రెండు చేతులూ ఆనించి అలాగే కూర్చున్నాడు. నలభై ఏడేళ్ళ మనిషి, అగ్నిమాపక దళం నాయకుడు.

"ఆసుపత్రికి ఫోను చేసి వద్దని చెప్తాను" అన్నాడు చివరికి.

"చెప్పకు. నీ నడుం చూపించుకుని రా."

ఆ రాత్రి ఆయన నాతో మాట్లాడలేదు. మాట్లాడతాడని నేనూ అనుకోలేదు. కానీ తెల్లారి లేచేసరికి కరెంటు కొవ్వొత్తులు ప్లగ్గు పీకి, తీగ చుట్టి, అటక మీద పెట్టేసి ఉన్నాయి. మందిరం ముందు దిమ్మె కింద వెడల్పాటి రేకు పళ్ళెం ఉంది. పక్కన సగం నీళ్ళతో చిన్న బకెట్టు. దూది మెత్త ఉండాల్సిన చోట గడ్డితో అల్లిన ఆసనం.

"ఇవి ఉండాల్సిందే" అన్నాడు మా ఆయన, గుమ్మంలో నిలబడి, దళం నాయకుడి గొంతుతో.

"ఎవరొద్దన్నారు? పళ్ళెం కొనమని మీ నాన్నకి యాభై ఏళ్ళు చెప్పాను" అన్నారు అత్తగారు. "ఆ బకెట్టు కొంచెం పక్కకి జరుపు. కాలు తగిలితే ఇప్పుడే వేయించిన కొత్త చాప పాడవుతుంది."

ముగ్గురం కూర్చున్నాం. ఆవిడ తలుపు వేశారు. కోటు చేతులు వెనక్కి కట్టుకున్నారు. చలికాలమంతా పువ్వు బదులు నిలబడ్డ పియనీ కొవ్వొత్తిని తీసి, మధ్య దిమ్మె ముల్లుకి గుచ్చారు.

"అది వెలిగించేది కాదు కదా అత్తయ్యా?"

"బయట నేల కనపడుతోంది. ఇంక గీసిన పువ్వుతో పనేముంది? వెలగనీ."

అగ్గిపుల్ల గీశారు. మంట లేచింది, నిటారుగా, మెల్లిగా ఊగుతూ. కొంతసేపటికి కొడి కట్టింది. అత్తగారు కత్తెర తీసి, నల్లటిదాంట్లో టిక్కున కోసి, కుండీలో వేసి, మూత పెట్టారు. మంట చిన్నదై తేటపడింది. మళ్ళీ కూర్చున్నాం. మళ్ళీ కొడి కట్టింది. ఆవిడ కదల్లేదు. కత్తెర తిప్పి, పిడి నా వైపు చాపారు.

"కొయ్యి."

"నేనా?"

"నువ్వు కాక వాడా? వాడికి నడుం వంగదు. ముందు కుండీ మూత తీసి పెట్టుకో. తరవాత కత్తెర తియ్యి. నల్లటిదాంట్లో కొయ్యి. ఎక్కడ పడిందో కళ్ళతో చూసేదాకా లేవకు. ఊరు తగలడుతోందని వీడొచ్చి అరిచినా లేవకు."

మూత తీసి పక్కన పెట్టాను. కత్తెర అందుకున్నాను. ఆవిడ ఈసారి నా మణికట్టు పట్టుకోలేదు, చూస్తూ ఊరుకున్నారు. కోశాను. ముక్కని కుండీలో వదిలాను. ఇద్దరం తలలు ఆనించి లోపలికి చూశాం. బూడిద మీద రెండు నల్ల ముక్కలు, ఒకటి సమంగా, ఒకటి వంకరగా.

"లెక్కపెట్టు."

"రెండు."

"మళ్ళీ."

"రెండు అత్తయ్యా. మీదొకటి, నాదొకటి."

ఆవిడ తనే మూత పెట్టారు. చూపుడువేలికున్న ఎర్రదారం ముడి పంటితో విప్పి, పక్కన పడేశారు. ఆసనం మీద సర్దుకుని కూర్చుని, జనవరి తరవాత మొదటిసారి మామగారి వైపు తిరిగారు.

"ఏవండీ, నా మతికేం కాలేదు. కోడలి కోత వంకర, అంతే. ఇంకా చాలా చెప్పాలి, రెండు నెలలవి ఉన్నాయి. కూర్చోండి."